టికెట్టు కొన్నాం కదా!

మీలో ఎంతమంది సినిమా మధ్యలో లేచి బయటికి వచ్చారు? గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి! రెండో పాటకే తెలిసిపోతుంది, ఇది మన ఓపిక చూడ్డానికే తీశారని. ఇంటర్వెల్లో సమోసా తింటూ పక్కవాడితో "ఏముందబ్బా ఇందులో!" అంటాం. బెల్లు మోగగానే మళ్లీ బుద్ధిగా వెళ్లి అదే సీట్లో కూచుంటాం. ఎందుకూ? టికెట్టు కొన్నాం కదా! డబ్బులు ఎలాగూ పోయాయి, వాటితో పాటు ఇంకో గంటన్నర కూడా పోగొట్టుకుంటే గానీ మన లెక్క సరిపోదు. నేనూ ఆ జాతివాణ్ణే. సినిమాల మీద రాసుకుని బతికేవాణ్ణి కాబట్టి 'వృత్తిధర్మం' అనే సాకు కూడా వుంది నాకు.

అయితే ఈ వారం కబుర్లు సినిమా టికెట్టు గురించి కాదు. ఇంకో రకం టికెట్టు గురించి. దాన్ని కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి మా ఇంట్లో తొమ్మిది నెలలు పట్టింది. నవ్వకండి, చివరిదాకా వినండి.

మా చెల్లెలు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో వుంటుంది. వాళ్లకి దగ్గర్లో గాల్వెస్టన్ అని ఒక రేవు. అక్కణ్ణుంచి పెద్ద పెద్ద ఓడలు బయల్దేరి, కరీబియన్ సముద్రంలో వారం రోజులు తిప్పి తీసుకొస్తాయి. ఓడంటే మన పాపికొండల లాంచీలాంటిది కాదు, నీళ్ల మీద నడిచే పదిహేను అంతస్తుల హోటలు! కర్నూల్లో వుండే మా అమ్మని రప్పించుకుని ఆ ఓడ ఎక్కించాలని చెల్లెలి ముచ్చట.

ఒకరోజు రాత్రి ఫోన్ చేసింది. "అన్నా, ఓడ బెలీజు అనే దేశం దగ్గర ఒక పగలు ఆగుతుంది. అక్కడ కేవ్ ట్యూబింగ్ అని వుంది. అమ్మకి కూడా టికెట్టు తీసుకోనా వద్దా? నువ్వు జర్నలిస్టువి గదా, అన్నీ కనుక్కుని చెప్పు" అంది.

జర్నలిస్టుని గదా, కనుక్కున్నాను. బెలీజులో కేవ్స్ బ్రాంచ్ అనే ఏరు వుంది. అది అడవిలోంచి పారుతూ పారుతూ సున్నపురాతి కొండల్లోకి దూరి, గుహల్లోంచి ప్రవహించి మళ్లీ బయటికొస్తుంది. మనకి ఒక రబ్బరు ట్యూబు ఇస్తారు. నెత్తిన హెల్మెట్టు, దానికో లైటు, ఒంటికి లైఫ్ జాకెట్టు. అడవిలో అరగంటో ముప్పావుగంటో నడిచి, ట్యూబులో చతికిలబడితే ఏరే మోసుకుపోతుంది, చీకటి గుహలోంచి! పూర్వం అక్కడి మాయా జాతివాళ్లు ఈ గుహలే పాతాళలోకానికి వాకిళ్లని నమ్మేవారు.

మా కర్నూలు కుర్రాళ్లకి ఇది కొత్తేం కాదు. కె.సి. కాలువకి నీళ్లు వదిలినప్పుడు లారీ ట్యూబు మీద పడి తేలిపోయిన ఘనులు మా వీధిలో ఎంతోమంది. అన్నట్టు, 1860లలో ఆ కాలువ తవ్వడం మొదలుపెట్టినప్పుడు పొలాలకి నీళ్లతో పాటు పడవల రాకపోకలు కూడా వాళ్ల ప్లానులో వున్నాయి. మా కరువు సీమలో పడవ ప్రయాణం! ఆ ముచ్చట ఎన్నాళ్లో సాగలేదు లెండి.

ఇంతకీ చెల్లెలు ఫోన్ చేసినప్పుడు స్పీకరు పెట్టి వుంది. అమ్మ వంటింట్లోంచి అంతా విన్నది.

"ఏం రా అబ్బీ, గుహలో నీళ్లా? నీళ్లలో గుహా?" అంది.

"రెండూనమ్మా" అన్నాను.

మీరు మా అమ్మ గురించి ఒక సంగతి తెలుసుకోవాలి. ఆమె పుట్టిల్లు కడప జిల్లా జమ్మలమడుగు. పెన్నేటి వొడ్డున పెరిగిన మనిషి. పెన్నేరంటే ఆమెకి నీళ్లు కాదు, ఇసక. చెలమ తవ్వి, నీళ్లు వూరేదాకా కూచుని, కడవ నింపుకోవడం చిన్నప్పుడు ఆమె పని. అంటే, నీళ్లు చాలకపోవడం ఎట్లుంటుందో ఆమెకి బాగా తెలుసు. నీళ్లు ఎక్కువైతే ఎట్లుంటుందో 2009 అక్టోబరు 2న కర్నూల్లో తెలిసింది. ఆ తర్వాత ఆమె తుంగభద్ర వొడ్డుకి పోలేదు. పుష్కరాలకి కూడా ఇంట్లోనే నీళ్లు పోసుకుంది.

అందుకే "వద్దు" అంటుందనుకున్నాను. అనలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి కూచుంది.

"నేను పోయేది పోనిది ఆ పొద్దు ఆడ నిలబడి తేల్చుకునే పని గాదు. ముందు నన్ను నేను చూసుకోవాల. ఫస్టు నీళ్లు లేని గుహ చూస్తా. తర్వాత గుహ లేని నీళ్లు. ఆమైన రెండూ కలిపి. మూడిట్లో గెలిస్తే టికెట్టు కొనమను" అంది.

చూశారా! జానపద సినిమాల్లో రాకుమారి మూడు పరీక్షలు పెడుతుంది. ఇక్కడ పరీక్షలు పెట్టిందీ అమ్మే, రాసేదీ అమ్మే. మరి నేను? తోటరాముడి పక్కన అంజిగాడిలాగా సంచీ మోసేవాణ్ణి!

మొదటి పరీక్షకి బెలుం గుహలకి పోయాం. కొలిమిగుండ్ల మండలం, మొన్నమొన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. తాడిపత్రి నుంచి దగ్గర. 'పాతాళ భైరవి' (1951) తీసిన కె.వి. రెడ్డిగారిది ఆ తాడిపత్రి ప్రాంతమే. ఆ సినిమా నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డిగారిది కడప జిల్లా. పాతాళాన్ని తెలుగువాళ్లకి తెరమీద చూపించింది మా రాయలసీమ వాళ్లేనని నేను కాలరెగరేసి చెబుతుంటే అమ్మ మెట్లు దిగేసింది.

బయట నుంచి చూస్తే బెలుంలో ఏమీ లేదు. ఎండిన చేలు, నాపరాళ్లు, నేల మీద ఒక పెద్ద గొయ్యి. అందులోకి దిగితే అసలు లోకం. గుహ పొడవు 3,229 మీటర్లు. మనం తిరగ్గలిగింది అందులో సగం, కిలోమీటరున్నర. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. తర్వాత నూరేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83లలో గెబావర్ అనే జర్మన్ ఆయన బృందం వచ్చి కొలతలు తీసింది. 2002లో జనానికి తలుపులు తెరిచారు.

లోపల ఉక్క! చొక్కా పిండుకోవచ్చు. గొట్టాల్లోంచి గాలి పంపిస్తారు కాబట్టి సరిపోయింది. ఒకచోట రాతి వూడల మీద కొడితే గంటలాగా మోగుతుంది, సప్తస్వరాల గుహ అంటారు. అన్నిటికన్నా లోతున, నేలకి సుమారు 150 అడుగుల కింద, చిన్న నీటిధార వుంది. దాని పేరు పాతాళగంగ. వచ్చి, కాస్త పారి, మళ్లీ రాతిలోకి మాయమైపోతుంది.

అమ్మ దాని దగ్గర చాలాసేపు నిలబడింది. "ఈ గుహంతా ఎవరు తవ్వినారు?" అంది.

"నీళ్లేనమ్మా. సున్నపురాయిని లక్షల ఏళ్లు కరిగించి కరిగించి దారి చేసుకున్నాయి. ఒకప్పుడు ఇందులో ఏరే పారి వుంటుంది."

"అట్లయితే మనం ఇప్పుడు నిలబడింది ఏటి దోవలో గదా?" అంది.

ఆ మాట నాకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది. గుహ అనేది నీళ్ల ఇల్లు. నీళ్లు వూరికి పోయినప్పుడు మనం వెళ్లి చూసొస్తాం. బెలీజులో అయితే ఇంటాయన ఇంట్లో వుండగానే వెళ్లాలి! తేడా అదన్నమాట. మొదటి పరీక్షలో అమ్మ పాసు.

ఈ లోపల నేను నా పద్ధతిలో పరిశోధన చేశాను. నా పద్ధతంటే తెలుసుగా, సినిమాలు చూడ్డం. మన సినిమాల్లో పడవంటే ప్రేమ. 'అందాల రాముడు' (1973)లో బాపుగారు, 'గోదావరి' (2006)లో శేఖర్ కమ్ముల గోదారి మీద పడవలో పెట్టి తిప్పితే మనకి దిగబుద్ధి కాలేదు. కానీ అదే గోదారి మీద, కచ్చులూరు దగ్గర, 2019 సెప్టెంబరు 15న జరిగింది సినిమా కాదు. నది వరద మీద వుండగా పాపికొండలకి బయల్దేరిన బోటు మునిగిపోయింది. ఆదివారం సరదాగా ఎక్కిన జనం. ఎన్నో కుటుంబాలు తిరిగి రాలేదు. బోటుని పైకి తియ్యడానికే నెలకి పైగా పట్టింది. ఆ తర్వాత రాష్ట్రంలో బోట్లన్నీ ఆపి, కంట్రోల్ రూములు పెట్టి గానీ మళ్లీ వదల్లేదు.

గుహల సంగతీ అంతే. 'మంజుమ్మల్ బాయ్స్' (2024) చూసే వుంటారు. కొడైకెనాల్ గుహలో 2006లో నిజంగా జరిగిన కథ. కంచె దాటి లోపలికి పోయిన కుర్రాళ్లలో ఒకడు గోతిలో పడితే ఇంకొకడు తాడు కట్టుకుని దిగి పైకి తెచ్చాడు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. థాయిలాండులో 2018 జూన్ 23న పన్నెండుమంది ఫుట్‌బాల్ పిల్లలు కోచ్‌తో గుహలోకి పోయారు. వెనకాలే వానొచ్చింది, గుహలోకి నీళ్లొచ్చాయి. ఇందాక చెప్పానే, ఇంటాయన తిరిగొచ్చాడు! రెండు వారాలకి పైగా పోరాడి పదముగ్గుర్నీ బతికించారు. కానీ వాళ్ల కోసం వెళ్లిన డైవరు ఒకాయన ప్రాణం పోగొట్టుకున్నాడు. 'థర్టీన్ లైవ్స్' (2022) అని సినిమా కూడా వచ్చింది. ఈ రెండు సినిమాల్లోనూ హీరోలు దిగినవాళ్లే. ఆ ముందు, గుహ బయట నిలబడి "ఈ పూట వద్దులే, పోదాం పదండి" అనేవాడు ఒక్కడుంటే అసలు సినిమానే లేదు. అందుకే అలాంటివాడి మీద ఎవడూ సినిమా తియ్యడు!

సరే, రెండో పరీక్ష. గుహ లేని నీళ్లు. శ్రీశైలం. అక్కడ కొండ కింద కృష్ణ వొడ్డుని కూడా పాతాళగంగ అనే అంటారు. వందల మెట్లు దిగాలి, లేదా రోప్‌వేలో దిగొచ్చు. కింద బోట్లుంటాయి. కాసేపు అలా తిప్పి తెచ్చేవి కొన్ని. డ్యాంకి ఎగువన నీళ్ల మీద గంటకి పైగా పోయి అక్కమహాదేవి గుహలు చూపించి తెచ్చేవి కొన్ని. ఒకే రోజు రెండు పరీక్షలూ ముగించెయ్యొచ్చని నా తెలివి. వానాకాలంలో రెండు రోజులు చూసుకుని, సత్రంలో గది తీసుకుని, అమ్మని బస్సెక్కించాను.

పోయేసరికి డ్యాం గేట్లెత్తారు. పైనుంచి వరద. గేట్లు చూడ్డానికొచ్చిన జనంతో కొండంతా తిరణాల. బోట్లు బందు.

కౌంటరు దగ్గర గొడవే గొడవ. "హైదరాబాదు నుంచి వచ్చాం తెలుసా!" అని ఒకాయన. "రేపు మాకు సెలవు లేదు" అని ఇంకొకాయన. లోపలున్న కుర్రాడు అందరికీ ఒకటే మాట చెబుతున్నాడు, "ఈరోజు లేదు సార్." ఎన్నిసార్లు అడిగినా అదే డైలాగు, అదే టోను. అప్పుడు నాకు వాడి మీద వొళ్లు మండింది.

పక్కకి వచ్చి నిలబడ్డాను. ఒకతను దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు, "సార్, వొడ్డెంబడే పుట్టిలో తీసుకుపోతా. దూరం పోం. అమ్మగారికి నీళ్లు చూపించి తెస్తా. ఎవరికీ చెప్పొద్దు."

పుట్టంటే తెలుసుగా, గుండ్రంగా బుట్టలాగా వుంటుంది, చేపలు పట్టేవాళ్లు వాడతారు. జాకెట్టూ లేదు, ఏమీ లేదు. వేరే ఎవరైనా ఆ పని చేస్తే నేను ఒక కాలమ్ నిండా తిట్టి వుండేవాణ్ణి. కానీ నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా?

"ఇంతదూరం వచ్చాం కదమ్మా. గదికి డబ్బులు కట్టాం. బస్సుకి పెట్టాం. వూరికే తిరిగిపోతే ఎట్లా? వొడ్డెంబడే అంటున్నాడు కదా!"

అమ్మ నా వైపు చూసింది. కోపంగా కాదు. అదో రకంగా చూసింది.

"ఆ పొద్దు మీ నాయిన కూడా ఈ మాటే అన్నాడు" అంది.

ఇహ నేను మాట్లాడలేదు.

పాఠకులకి ఆ రాత్రి సంగతి చెప్పాలి. 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి. నేను డిగ్రీ చదువుతున్నాను. రెండు రోజులుగా ఎడతెరపి లేని వాన. మంత్రాలయం మునిగింది, అలంపురం మునిగింది అని వార్తలు. మా వీధిలోకి సాయంత్రం నీళ్లొచ్చాయి. ఒక పక్క తుంగభద్ర, ఒక పక్క హంద్రీ, దిగువన శ్రీశైలం డ్యాం 885 అడుగుల పూర్తి మట్టం దాటి నిండిపోయింది. నీళ్లకి పోవడానికి దారి లేదు, ఆ మధ్యలో మా కర్నూలు. చీకటి పడేసరికి మేము ఎదురింటి వాళ్ల మిద్దె మీద వున్నాం.

మా నాన్న చిన్న వుద్యోగి, పెద్ద సినిమా పిచ్చి. పెళ్లి కాకముందు నుంచీ సితార, జ్యోతిచిత్ర, విజయచిత్ర, ఒక్క సంచిక వదలకుండా కొని, ఏడాదికొకటి చొప్పున అట్టలేసి కుట్టించి అటక మీద పెట్టుకున్నాడు. నేను ఈ వృత్తిలోకి వచ్చింది ఆ అటక మీంచే. ఆ రాత్రి మిద్దె మీంచి చూస్తే మా ఇంటి కిటికీ సగం దాకా నీళ్లు. నాన్న లేచాడు. "అటక దాకా ఇంకా రాలేదు. పోయి నాలుగు కట్టలన్నా తెస్తా. ఇన్నేండ్లు డబ్బు పెట్టి కొన్నాం కదా!" అన్నాడు.

అమ్మ ఆయన చొక్కా పట్టుకుంది. గుండీలు తెగిపోయాయి, అయినా వదల్లేదు. ఆయన తిట్టాడు. అమ్మ మాట్లాడలేదు, వదల్లేదు. గంట తిరిగేసరికి మా ఇంటి కప్పు మీదుగా నీళ్లు పారుతున్నాయి.

నీళ్లు తీశాక వెళ్లి చూస్తే పుస్తకాలన్నీ కలిసి ఒకే బురద ఇటుక అయిపోయాయి. పార పెట్టి తీశాం. నాన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు అమ్మతో "గుండీలు కుట్టు" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఇంకా పదేళ్లు మా మధ్య వుండి, రోగమొచ్చి, మంచం మీద, మా అందరి చేతుల్లో పోయాడు. ఆ పదేళ్లు అమ్మ ఆయన చొక్కా పట్టుకుని తెచ్చుకున్నవి.

పాతాళగంగ మెట్ల మీద అవన్నీ గుర్తొచ్చాయి. ఆ పుట్టి మనిషికి దండం పెట్టి, మెట్లెక్కి పైకొచ్చి, మల్లన్న దర్శనం చేసుకుని, తిరుగు బస్సెక్కాం. కౌంటరులో కుర్రాడు ఇంకా అంటూనే వున్నాడు, "ఈరోజు లేదు సార్." ఈసారి వాడు నాకు వేరేగా కనిపించాడు. మనం చప్పట్లు కొట్టాల్సిన హీరో వాడేననిపించింది.

బస్సులో అడిగాను, "అమ్మా, రెండో పరీక్ష పోయినట్టేనా?"

"ఎందుకు పోయె? ఇదే అసలు పరీక్ష. ఫెయిలైంది నువ్వు" అంది.

మళ్లీ డిసెంబరులో పోయాం. వరద తగ్గింది, గాలి లేదు, నీళ్లు అద్దంలాగున్నాయి. అదే కౌంటరు. బోటు ఎక్కేముందు అమ్మ మూడు చూసింది. జాకెట్టు తన ఒంటికి సరిపోతుందా, దాని బకిళ్లు పడుతున్నాయా; ఎక్కేవాళ్లని లెక్కపెడుతున్నారా; బోటు నడిపే మనిషి కూడా జాకెట్టు వేసుకున్నాడా. ఈ మూడోది నాకు ఎన్నడూ తట్టలేదు. "తన ప్రాణం మీద ఆశ వున్నోడే మన ప్రాణం చూస్తాడు" అంది.

బోటు కదలగానే నా చెయ్యి పట్టుకుంది. రెండు వైపులా నల్లమల కొండలు, మధ్యలో పచ్చటి నీళ్లు. కాసేపయ్యాక చెయ్యి వదిలింది. ఇంకాసేపయ్యాక నీళ్లలో వేళ్లు పెట్టింది. "మన ఇంట్లోకి వచ్చింది ఈ నీళ్లేనా?" అంది. "పైనుంచి తుంగభద్ర వచ్చి సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలిసి ఇక్కడికే వస్తుందమ్మా" అన్నాను. "ఊఁ" అంది. పదహారేళ్ల పగ ఆ 'ఊఁ'తో తీరిందో లేదో నాకు తెలీదు గానీ, వేళ్లు మాత్రం బయటికి తియ్యలేదు.

బోటు దిగి కాస్త కొండెక్కితే గుహ. ముందు సహజంగా ఏర్పడిన పెద్ద రాతి వంపు, స్తంభం అనేది లేకుండా నిలబడి వుంటుంది. ఏ ఆర్ట్ డైరెక్టరూ అంత సెట్టు వెయ్యలేడు! పన్నెండో శతాబ్దంలో అక్కమహాదేవి కన్నడ దేశం నుంచి నడిచి శ్రీశైలం వచ్చి, ఇక్కడ తపస్సు చేసిందని చెబుతారు. చెన్నమల్లికార్జునుణ్ణే భర్తగా తలిచి వచనాలు పాడిన కవయిత్రి. తోడెవరూ లేని ఆడమనిషి, ఆ రోజుల్లో, ఆ అడవిలో!

లోపల దారి పోను పోను సన్నబడుతుంది. చివరికి ఒంగి, పక్కకి తిరిగి, ఒక్కొక్కరే పోవాలి. కొసన శివలింగం. అమ్మ కొంగు దోపుకుని, సెల్లు లైటు వేసుకుని లోపలికి దూరింది. నేను వెనకాల.

పది అడుగులు పోయానో లేదో, రెండు భుజాలకీ రాయి తగిలింది. ముందు మనిషి, వెనక మనిషి. గుండె దడదడ. చెవుల్లో హోరు. సినిమాల్లో గుహ సీన్లకి వందసార్లు విజిలేసిన వాణ్ణి, "జరగండి, జరగండి" అంటూ వెనక్కి పాక్కుంటూ వచ్చేశాను. నా వెనకాలున్న వాళ్లందరూ నన్ను తిట్టుకుంటూ వెనక్కి జరిగారు. అవమానమే మరి!

పావుగంట తర్వాత అమ్మ వచ్చింది. మోకాళ్ల దగ్గర చీరంతా మట్టి. మొహం వెలిగిపోతోంది.

"భయం వెయ్యలేదా?" అన్నాను.

"ఏసింది. ముందు పొయ్యే ఆమె కాళ్లు కనబడతానే వున్నాయి. ఆ కాళ్లు చూసుకుంటా పోయినా" అంది. తర్వాత, "నువ్వు వెనక్కి వచ్చింది మంచిపనే రా. టికెట్టు కొన్నా గదాని ముందుకి పోకుండా" అంది. అప్పుడు నాకు తెలిసింది, నేను కూడా నా పరీక్ష పాసయ్యానని!

ఇక తీర్పు. చెల్లెలికి అమ్మే ఫోన్ చేసింది. పక్కన కూచుని నేను రాసుకున్న ప్రశ్నలివి. మీలో ఎవరైనా పాపికొండలకి పోయినా, అరకు పక్కన బొర్రా గుహలకి పోయినా, బెలీజుకే పోయినా పనికొస్తాయి.

ఏట్లో నీళ్లు పెరిగితే ఆపేది ఎవరు? ఆ మాట అన్నాక తిరుగుందా లేదా? ఆపితే డబ్బు వెనక్కి ఇస్తారా? ఈత రాని వాళ్లని ఎక్కిస్తారా, ఎంతమందికి ఒక గైడు? మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ అడవి నడక నడవగలదా? సాయంత్రం ఓడ కదిలే టైముకి తిరిగి రాలేకపోతే ఓడ వుంటుందా?

చెల్లెలు అన్నీ కనుక్కుంది. ఓడ వాళ్లే అమ్మే టికెట్టయితే, వాన వల్ల ఆగితే డబ్బు తిరిగొస్తుంది. ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. బయట మనంతట మనం మాట్లాడుకుంటే ధర తక్కువ, కానీ ఓడ మన కోసం ఆగదు. ఇక్కడే వుంది కిటుకు! డబ్బు వెనక్కి రాని చోట, ఆపేవాడి చెయ్యీ ఆడదు, ఎక్కేవాడి కాలూ ఆగదు. డబ్బు తిరిగొస్తుందంటే "ఈరోజు లేదు" అనడం వాళ్లకీ సులువు, వినడం మనకీ సులువు. ఆ నాలుగు డాలర్లు ఎక్కువ పెట్టి కొనేది సుఖం కాదు, వెనక్కి తిరిగే వీలు.

"అయితే ఓడ వాళ్ల దగ్గరే తీసుకోమ్మా" అంది అమ్మ. "ఇంకోటి విను. ఆ పొద్దు ఆ నీళ్లు చూసి నాకు వద్దనిపిస్తే నేను గట్టు మీద కూచుంటా. నీ డబ్బు పోయినట్టే. అందుకు ఒప్పుకుంటేనే టికెట్టు కొను."

అటుపక్క చెల్లెలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరేమా" అంది. గొంతు మారింది. మిద్దె మీద ఆ రాత్రి అది కూడా వుంది మరి, అమ్మ పక్కనే, చలికి వణుకుతూ.

టికెట్టు కొన్నారు. వచ్చే నెల ప్రయాణం. ఆమె ట్యూబు ఎక్కుతుందో, గట్టు మీద కూచుని వేరుశెనక్కాయలు తింటుందో నేను చెప్పలేను. ఏది చేసినా ఆ పొద్దు నీళ్లు చూసి చేస్తుంది, టికెట్టు చూసి కాదు.

మొన్న శుక్రవారం ఒక కొత్త సినిమాకి పోయాను. పేరు చెప్పను, పాపం తీసినవాళ్లకీ పిల్లాజెల్లా వుంటారు. ఇంటర్వెల్ అయింది. సమోసా తిన్నాను. బెల్లు మోగింది. అందరూ లోపలికి పోతున్నారు. నేను స్టాండులో బండి తీసుకుని ఇంటికొచ్చేశాను. నా జీవితంలో మొదటిసారి!

అమ్మ పెట్టె సర్దుకుంటోంది. గడియారం చూసి, "ఏం రా, అప్పుడే వచ్చినావు? సినిమా అయిపోయిందా?" అంది.

"లేదమ్మా" అన్నాను. "గేట్లెత్తినారు!"